బొమ్మల ఆట బాగుందా? ఎవరి మాట నమ్మాలె?

మన భాషల ‘బొమ్మ’ అనే మాట మస్తు పెద్దది. పోరగాళ్లు ఆడుకునేది బొమ్మ. గోడ మీద గీసేది బొమ్మ. టాకీసుల తెర మీద పడేది గూడ బొమ్మనే. వీడియో గేమ్‌ల ఈ మూడూ ఒక్కకాడ కలుస్తయి. చేతుల పట్టుకునే ప్లాస్టిక్ సిపాయి తెర మీదికి వస్తడు, వాని ఎనుక ఒక కథ నడుస్తది, వాన్ని ఉరికిచ్చేది మనమే. గందుకనే బొమ్మల మీద తీసిన వీడియో గేమ్‌ల గురించి ఆడినోళ్లు చెప్పే మాటలకు ఒకదానికొకటి పొంతన కుదరది. ఒకరు ఆట గురించి చెప్తరు, ఒకరు బొమ్మ గురించి, ఇంకొకరు కథ గురించి. ముగ్గురు వాడేది మాత్రం ‘బాగుంది’, ‘బాగలేదు’ అనే రెండు మాటలే.

ఈ ముచ్చట ఎందుకు ఎత్తుకున్ననంటే, ఆలేరు దిక్కు ఉండే మా చిన్నమ్మ కొడుకు సెకండ్ హ్యాండ్‌ల పీఎస్4 కొనాలని చూస్తున్నడు. పత్తి ఏరిన కూలి పైసలు జమ జేసిండు. ఏ ఆట తీసుకోవాలె అని నెట్‌ల చదువుడు మొదలువెట్టిండు. ఒకే ఆటకు పదికి పది ఇచ్చినోళ్లు కనవడ్డరు, ఇంతకన్న చెత్త లేదన్నోళ్లు గూడ కనవడ్డరు. ‘అన్నా, వీళ్లల్ల అబద్ధం ఆడేది ఎవలు?’ అని నన్ను అడిగిండు. నాకు తెలిసి ఎవ్వరూ ఆడుతలేరు. అదెట్లనో చెప్పాలంటే జర ఎనుకకు పోవాలె.

ఇల్లే ఊరు, టేబులే గుట్ట

టీవీకి తగిలిచ్చి ఆడే మిషన్‌ను కన్సోల్ అంటరు. ప్లేస్టేషన్, నింటెండో, ఎక్స్‌బాక్స్ అన్నీ గసొంటియే. వీటి మీద వచ్చిన బొమ్మల యాక్షన్ ఆటలల్ల ఒక కిటుకు ఉన్నది. ఆడేటోన్ని చిన్నగ జేస్తే, మామూలు ఇల్లే పెద్ద లోకమైతది. వంటింటి గట్టు కొండ లెక్క కనవడుతది, బాత్రూమ్ తొట్టి చెరువైతది, సోఫా కింద చీకటి గుహ ఉంటది. నల్లా, చెంచా, చెప్పు ఏందో ఎవరికీ ఇడమర్సి చెప్పే పని లేదు. ఆడేటోనికి ఆ జాగ ముందుగాలనే ఎరుక.

ఇంకో లాభం గూడ ఉన్నది. 1990లల్ల వచ్చిన మిషన్లకు మనిషి తోలు, ఎంటికెలు, గుడ్డల మడతలు సక్కగ చూపిచ్చే తాకత్ లేకుండె. కంప్యూటర్‌ల ఏది గీసినా ప్లాస్టిక్ లెక్కనే కనవడేది. మరి అసలే ప్లాస్టిక్ అయినదాన్ని గీస్తే? గది అచ్చం అట్లనే ఉంటది. 1995ల వచ్చిన ‘టాయ్ స్టోరీ’ సినిమాకు బొమ్మలనే పాత్రలుగ పెట్టుకునుడు కలిసొచ్చింది ఇందుకే. దాని రెండో సినిమా మీద 1999ల ట్రావెలర్స్ టేల్స్ అనే కంపెనీ తీసిన ఆటల బజ్ లైట్‌ఇయర్ బొమ్మై ఇల్లంత, బొమ్మల దుకాణమంత తిరుగుతం. అదే 1999ల రిమోట్ కార్ల మీద ‘రీ-వోల్ట్’ వచ్చింది. అది రేసు ఆట. మన దిక్కు కంప్యూటర్ సెంటర్లల్ల దాన్ని ఆడని పోరగాడు తక్కువ.

నేను చెప్పబోయేది గా యేడాదే వచ్చిన ఇంకో ఆట గురించి. దాని పేరు ‘ఆర్మీ మెన్: సార్జ్స్ హీరోస్’. 3డీఓ అనే అమెరికా కంపెనీది. 1999ల నింటెండో 64 మీద, 2000ల ప్లేస్టేషన్ మీద వచ్చింది. ఆకుపచ్చ ప్లాస్టిక్ సిపాయిలకు, గోధుమరంగు సిపాయిలకు లడాయి. బాంబు పడితే సిపాయి ముక్కలైతడు, మంట తగిలితే కరిగిపోతడు. నెత్తురు లేదు. అందుకే ఇండ్ల పెద్దోళ్లు గూడ అంతగనం కోపానికి రాకపోయేది.

మౌలాలి దుకాణంల మూడు తీర్పులు

నేను మౌలాలిల పెరిగిన. రైల్వే కార్ఖానాలు, డీజిల్ షెడ్డు ఉన్న జాగ అది. కొలువుల కోసం ఎక్కడెక్కడికెల్లో వచ్చినోళ్లు ఉంటరు. తెలుగోళ్లు, ఉర్దూ మాట్లాడేటోళ్లు, తమిళోళ్లు, మరాఠోళ్లు, ఒడిశా దిక్కోళ్లు. మా గల్లీల ఒక వీడియో గేమ్ దుకాణం ఉండె. గంటకు పది రూపాయలు. పదునాలుగు ఇంచుల టీవీలు మూడు, ప్లేస్టేషన్లు మూడు. ఆర్మీ మెన్ గక్కడ మస్తు నడిచింది. ఆడినోళ్లు ఇచ్చిన తీర్పులు మాత్రం మూడు తీర్లు.

మొదటి తీర్పు: ‘కెమెరా ఖరాబ్’. ఈ ఆటల సిపాయి ఎనుకకెల్లి మనం చూస్తుంటం. సిపాయి గోడకు ఆనుకుంటే కెమెరా ఎటు పోవాల్నో దానికే తెల్వది. దుష్మన్ ఎటుదిక్కు ఉన్నడో కనవడడు. గురి గూడ జల్ది కుదరది. ఎక్కువ ఆటలు ఆడిన పెద్ద పోరగాళ్లు ఈ మాట అనేటోళ్లు. ఆ కాలంల విదేశీ పత్రికలు ఈ ఆటను తప్పువట్టింది గూడ ముఖ్యంగ ఇక్కడనే.

రెండో తీర్పు: ‘ఇద్దరు కలిసి ఆడితే జబర్దస్త్’. తెరను రెండు ముక్కలు జేసి ఒకరి మీద ఒకరు ఆడొచ్చు. ఒక్కడు ఆడితే గంటల విసుగొచ్చే ఆట, దోస్తు పక్కన కూసుంటే గంట గూడ సరిపోదు. కెమెరా ఖరాబైతే ఇద్దరికీ ఖరాబే, ఇగ లొల్లి ఏమున్నది? కానీ ఇండ్ల ఒక కిరికిరి ఉన్నది. పదునాలుగు ఇంచుల టీవీని రెండు ముక్కలు జేస్తే ఒక్కొక్కనికి దక్కేది పోస్టుకార్డు కన్న కొంచెం పెద్ద తెర. దూరం ఉన్న సిపాయి చీమంత కనవడుతడు. ఎవడు ఏ రంగోడో తెల్వది. పెద్ద టీవీ ముంగట ఆడినోనికి ఈ బాధ తెల్వదు, వాడు రాసిన మాటల ఇది ఉండది.

మూడో తీర్పు చిన్న పిల్లలది: ‘ఇది మా బొమ్మ!’ మౌలాలి గుట్ట మీది దర్గా ఉర్సుకు కుతుబ్‌షాహీల కాలం నుంచి జనం వస్తరు. ఉర్సు దినాలల్ల గుట్ట కింద పరిచిన దుకాణాలల్ల పొట్లం గట్టి అమ్మే ప్లాస్టిక్ సిపాయిలను మేమందరం కొన్నోళ్లమే. మోకాళ్ల మీద కూసున్నోడు, బోర్ల వండుకున్నోడు, వైర్‌లెస్ పట్టుకున్నోడు, అందరి కాళ్ల కింద చిన్న ప్లాస్టిక్ పలక. గదే సిపాయి టీవీల ఉరుకుతుంటే గా పిల్లలకు కెమెరాతోని పనేంది? వాళ్లు మెచ్చింది ఆటను కాదు, తమ జేబుల ఉన్న వస్తువుకు పానం వచ్చుడును.

మూడు తీర్పులు మూడూ నిజమే. మొదటిది మిషన్ పనితనం మీద, రెండోది సోపతి మీద, మూడోది యాది మీద. ఇంకోటి గూడ మనసుల వెట్టుకోవాలె. పేరు ఒక్కటే అయినా నింటెండో 64ల నలుగురు కలిసి ఆడొచ్చు, ప్లేస్టేషన్‌ల ఇద్దరే. నలుగురితోని ఆడినోడు రాసింది చదివి ఇద్దరి ఆట కొంటే మనసు విరుగుతది. దాంట్ల రాసినోని తప్పు లేదు, కొన్నోని తప్పూ లేదు.

3డీఓ కంపెనీ ఈ రెండో, మూడో తీర్పులనే నమ్ముకున్నది. అయిదారేండ్లల్ల ఆర్మీ మెన్ పేరు మీద ఇర్వై దాంక ఆటలు దించింది. మొదటి తీర్పు చెప్పినోళ్ల గోడు, అంటె కెమెరా, గురి, ఒకటే తీరు పని, సక్కగ పట్టిచ్చుకోలేదు. బొమ్మ మీద మోజు ఒకసారి కొనిపిస్తది, రెండోసారి గూడ కొనిపిస్తదేమో. ప్రతిసారీ కొనిపియ్యది. 2003ల ఆ కంపెనీ దివాలా తీసింది. కారణాలు ఇంక గూడ ఉండొచ్చు గాని, ఆడినోళ్ల మాటల సగమే వింటె ఏమైతదో దీన్ని చూస్తే సమజైతది. దీనికి భిన్నం రీ-వోల్ట్. కార్లు ఊకె పల్టీ కొడుతయని అందరూ తిట్టిన ఆటే. కానీ బండి నడిచే తీరు గట్టిగ ఉండె. నేటికీ అభిమానులే దాన్ని కొత్త కంప్యూటర్ల మీద నడిచేటట్టు జేసుకొని ఆడుతున్నరు.

ఏనుగు బొమ్మ కాడ వచ్చిన పంచాయితీ

ఇగ ఈ కాలం ఆట. స్వీడన్‌ల హేజ్‌లైట్ అనే స్టూడియో, జోసెఫ్ ఫారెస్ డైరెక్షన్‌ల ‘ఇట్ టేక్స్ టూ’ తీసింది. 2021 మార్చిల వచ్చింది. గా యేడాదే ‘ద గేమ్ అవార్డ్స్’ల యేటి మేటి ఆటగ నిలిచింది. 2 కోట్లకు పైన కాపీలు అమ్ముడువోయినయి. విడిపోదామనుకున్న మొగడు పెండ్లాలు తమ బిడ్డె ఆడుకునే బొమ్మలైపోతరు. ఒకరు మట్టి బొమ్మ, ఒకరు కట్టె బొమ్మ. ఇద్దరు కలిస్తేనే ముందటికి పోవుడు. ఒక్కడు ఆడనీకి లేనే లేదు. ఆట కొన్నోడు ఒక్కడైతే చాలు, ఆన్‌లైన్‌ల జతకు వచ్చే దోస్తు పైసలు వెట్టకుండ ఆడొచ్చు.

ఈ ఆటను మెచ్చుకున్నోళ్లు గూడ ఒక్కకాడ కొట్లాడుకుంటరు. బిడ్డె కన్నీళ్లు పడితే మల్ల మనుషులమైతమని ఆ తల్లిదండ్రులు అనుకుంటరు. బిడ్డెను ఏడ్పిచ్చాలంటే ఆమెకు పానమసొంటి బొమ్మను ఖరాబు జెయ్యాలె. గా బొమ్మ గుడ్డతోని కుట్టిన ఏనుగు. అది మాట్లాడుతది. వద్దని బతిమాలుతది. దాన్ని ఈడ్సుకపోయి కిందికి పడగొట్టాలె. ఇది సినిమా లెక్క కూసొని చూసే సీను కాదు. బటన్ ఒత్తి ఈడ్సేది మనమే. ఒత్తకుంటే ఆట ముందటికి కదలదు.

నేను దీన్ని నా పెండ్లాంతోని ఆడిన. ఆమె గాడ కంట్రోలర్ కింద వెట్టింది. ‘ఇదేం ఆట? నేను జెయ్య’ అన్నది. నాకేమో ఇది తీసినోళ్లు కావాల్ననే వెట్టిన ముల్లు లెక్క అనిపిచ్చింది. తమ బాధల వడి బిడ్డె బాధ కనవడని పెద్దోళ్లు ఎట్లుంటరో చెప్పనీకి గిదే సక్కటి తొవ్వ అని నా వాదన. ‘చెప్పనీకి నా చేతులే దొరికినయా?’ అని ఆమె వాదన. ప్రపంచమంత ఆడినోళ్లు గూడ గిట్లనే రెండుగ చీలిన్రు. కొందరు నవ్విన్రు, కొందరికి నిద్ర పట్టలేదట.

ఇక్కడ చూడాల్సింది ఏందంటే, ఈ పంచాయితీల కెమెరా లేదు, గ్రాఫిక్స్ లేదు. ఒక బొమ్మను మనం ఏమనుకుంటం అన్నదే అసలు లెక్క. గుడ్డపేలికలతోని అవ్వ కుట్టిచ్చిన బొమ్మను దగ్గర వెట్టుకొని పండుకున్న పిల్లకు ఆ ఏనుగు ఒక తీరు. బొమ్మంటే వస్తువే అనుకునేటోనికి ఇంకో తీరు. నక్షత్రాలు, మార్కులు ఈ తేడాను చెప్పలేవు. అవార్డు గూడ చెప్పలేదు.

మన హైదరాబాద్ ఆటలకు ఏం మాటలు వడ్డయి

గివన్నీ బయటోళ్ల బొమ్మలు. మన బొమ్మ తెర మీదికి ఎక్కలేదా అంటే, ఎక్కింది. గది గూడ మన హైదరాబాద్ కంపెనీల చేతులతోనే.

2009ల ప్లేస్టేషన్ 2 మీద ‘హనుమాన్: బాయ్ వారియర్’ వచ్చింది. తయారుజేసింది హైదరాబాద్ కంపెనీ ఆరోనా టెక్నాలజీస్, మార్కెట్‌ల దించింది సోనీ. మొత్తం ఇండియాలనే తయారైన తొలి కన్సోల్ ఆట ఇదే అని చెప్పుకుంటరు. గదే యేడు హైదరాబాద్‌లనే ఉన్న గేమ్‌శాస్త్ర కంపెనీ ‘దేశీ అడ్డా’ తీసింది. కబడ్డీ, పతంగులు, గిల్లీ దండ అసొంటి మన ఆటలే దాంట్ల ఉన్నయి. గిల్లీ దండ అంటే మన చిర్రగోనెనే.

హనుమంతుని ఆట మీద ముందుగాల వచ్చిన పెద్ద లొల్లి ఆడినోళ్లది కాదు. అమెరికాల నెవాడా రాష్ట్రంల ఉండే రాజన్ జెడ్ అనే హిందూ సంఘం నాయకుడు, దేవున్ని బటన్లతోని ఆడిచ్చుడు తగదు, ఆటను ఎనుకకు తీసుకోవాలె అని సోనీని అడిగిండు. ఒక భక్తుడు గట్ల అనుకునుడు ఆయన హక్కు. కానీ ఆ మాట ‘ఇసొంటి ఆట ఉండాల్నా, వద్దా’ అనేదానికి జవాబు. ‘ఆట ఎట్లుంది’ అనేదానికి జవాబు కాదు. రెండిటిని కలిపి చదివితే రెండిటికీ అన్యాయమైతది.

మా దోస్తులల్ల ఆడినోళ్లు మాత్రం ‘గాడ్ ఆఫ్ వార్’ను పక్కన వెట్టి కొలిచిన్రు. 2005ల గదే ప్లేస్టేషన్ 2 మీద వచ్చిన ఆట అది. ఒకే మిషన్, ఒకే టీవీ, గద ఊపుతుంటే ఆ దెబ్బల బరువు తెలుస్తలేదన్నరు. ఆ మాటల నిజమున్నది. తొలి ఆట తీసిన కంపెనీకి, ఏండ్ల తరబడి ఆటలే తీసిన కంపెనీకి చేతిల ఉన్న సమయం, పైసలు, మనుషులు ఒక్క తీరు ఉండవు. ఇది గూడ నిజమే. కానీ రెండో నిజం చెప్పి మొదటి నిజాన్ని దాస్తే పనితనం పెరగది.

‘దేశీ అడ్డా’ కాడ ఇంకో గమ్మత్తు జరిగింది. మా దిక్కు సంక్రాంతి అంటే డాబాల మీద పతంగులే. మాంజా లాగుతుంటే ఏలు తెగుతది. దారం బిగుసుకునుడు, వదులైతుండుడు ఏలికే తెలుస్తది, కంటికి కాదు. గసొంటి పోరగాళ్ల చేతుల కంట్రోలర్ వెడితే ‘దారం ఏడున్నది?’ అన్నరు. పతంగి ఎన్నడూ ఎగరెయ్యని అపార్ట్‌మెంట్ పోరగాడు మాత్రం సంబురంగ ఆడిండు. చిర్రగోనె గూడ గంతే. చిర్రను లేపే ఆ చిన్న దెబ్బల ఉన్న హుషారు బటన్‌ల దొరకదు. అంటె బొమ్మ మనదైతే మన తీర్పు ఇంక కఠినమైతది. అమెరికా పోరగానికి ఆర్మీ మెన్, మనకు పతంగి. ఎరుక ఉన్నోడే తప్పు వట్టగలుగుతడు. గా తప్పు వట్టుడు తిట్టుడు కాదు, గది తయారుజేసినోనికి దొరికే ఫుకట్ సలహా.

కొనే ముందట ఏం చూడాలె

మా తమ్మునికి నేను చెప్పిన నాలుగు ముచ్చట్లు మీకూ చెప్తున్న.

ఒకటి, రాసినోడు ఏ మిషన్ మీద, ఎంత పెద్ద తెర మీద ఆడిండు? పీఎస్5ల ఆడినోని మాట పీఎస్4కు పూర్తిగ అతకది. 2024ల మేటి ఆటగ అవార్డు తెచ్చుకున్న ‘ఆస్ట్రో బాట్’ల గూడ బొమ్మలసొంటి చిన్న రోబోలే. ఎంత పొగిడినా అది పీఎస్5 మీదనే నడుస్తది. పీఎస్4 ఉన్నోనికి గా పొగడ్తతోని లాభం లేదు.

రెండు, ఒక్కడే ఆడిండా, జతతోని ఆడిండా? మీ ఇంట్ల రెండో కంట్రోలర్, రెండో మనిషి లేకుంటే, ఆన్‌లైన్‌ల కలిసే దోస్తు గూడ లేకుంటే, ‘ఇట్ టేక్స్ టూ’ ఎంత గొప్పదైతే ఏంది?

మూడు, ఆట గురించి చెప్తున్నడా, తన చిన్నతనం గురించి చెప్తున్నడా? ‘ఆ రోజులే వేరు’ అని మొదలువెడితే ప్రేమతోని చదవండి గాని, గంతమాత్రానికే పైసలు వెట్టకండి.

నాలుగు, ‘ఎందుకు’ అని చెప్పిండా? ‘చెత్త’ అనే మాట మీకేం చెప్పది. ‘మలుపుకాడ కెమెరా గోడల దూరుతది’ అంటే చెప్తది. కొత్త పీఎస్5 ఆట అయిదు వేల దాంక ఉంటున్నది. కూలికి పోయేటోనికి అది పది పన్నెండు దినాల పని. పది దినాల పని వెట్టేటోడు పది నిమిషాలు ‘ఎందుకు’ అని ఎతుకుడు ఎక్కువ కాదు.

మన మాట గూడ లెక్కల వడాలె

ఇది చదివేటోళ్లల్ల శానమంది ఊళ్లల్ల ఉంటరు, ఫోన్ల మీదనో, దోస్తు ఇంట్ల కన్సోల్ మీదనో ఆడుతరు. ఆడినంక మీరు చెప్పే ముచ్చట బస్టాండు కాడనో, చాయ్ హోటల్ కాడనో అయిపోతది. ఇంగ్లీష్ రాదని రాయరు. ఆట తీసేటోళ్లు మాత్రం రాసినదాన్నే చదువుతరు, చదివినదాన్నే పట్టిచ్చుకుంటరు. గట్ల మన దిక్కోళ్లు ఆడుతరు గాని, తీర్పుల లెక్కల ఉండరు.

వినేటోళ్లు దూరం గూడ లేరు. ‘ఇట్ టేక్స్ టూ’ను మార్కెట్‌ల దించిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లనే స్టూడియో ఉన్నది. అయినా గా ఆటల తెలుగు లేదు. తెలుగుల ఆడేటోళ్లు ఉన్నరని ఎవరన్న చెప్తేనే గదా ఎరుకయ్యేది. తెలుగులనే రాయండి. మీ ఊరి మాటలనే రాయండి. ఏ మిషన్, ఎవరితోని ఆడిన్రు, ఏడ విసుగొచ్చింది, ఏడ చెయ్యి ఆగింది, ఎందుకు. అయిదు లైన్లు చాలు.

నిర్మల్‌ల పొనికి కర్రతోని బొమ్మలు చెక్కుతున్నరు. కొండపల్లిల చెక్కుతున్నరు. ఏటికొప్పాకల అంకుడు కర్రకు లక్క రంగు పట్టిస్తున్నరు. ఈ బొమ్మలు గూడ రేపో ఎల్లుండో ఏదన్న ఆటల ఉరుకుతయి. అప్పుడు ఆ ఎద్దులబండి చక్రం అట్ల తిరగది, ఆ బొంగరం జాలె అట్ల చుట్టరు అని చెప్పగలిగేది దాన్ని చేత వట్టినోళ్లే. గా మాట చెప్పుడు ఇప్పటినుంచే అలవాటు జేసుకోవాలె.